మరలో పట్టించిన మునగాకు

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. నేను ఒప్పుకోను. ముక్కు మీదే ఉంటే ఎదుటివాళ్ళకి కనబడుతుంది, జాగ్రత్త పడతారు. నాది నాలుక మీద ఉంటుంది. ఆ సంగతి నలభై ఏళ్ళు దాటాక, ఒక డబ్బాడు మునగాకు పొడి వల్ల తెలిసొచ్చింది.

బందరులో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఇద్దరు ఆడపిల్లలు పుట్టి, వాళ్ళ జడలు వాళ్ళే వేసుకునే వయసుకి వచ్చాక పీహెచ్‌డీలో చేరాను. మునగాకులో ఉండే ఫ్లేవనాయిడ్లను బయటికి తీయడానికి ఏ ద్రావణి, అంటే సాల్వెంట్, బాగా పనికొస్తుంది అన్నది నా అంశం. వినడానికి పెద్దగా ఉంటుంది గానీ సంగతి చిన్నదే. ఎండ నుంచి, పురుగుల నుంచి కాచుకోవడానికి చెట్టు తన ఆకుల్లో కొన్ని లేత పసుపు పదార్థాలు తయారుచేసుకుంటుంది. అవే ఫ్లేవనాయిడ్లు. మన ఒంటికీ మంచివంటారు. ఆకుని ఎండబెట్టి, పొడి చేసి, ఏదో ఒక ద్రవంలో నానబెడితే అవి అందులోకి దిగుతాయి. నీళ్ళలో ఎక్కువ దిగుతాయా, ఆల్కహాల్‌లోనా, అసిటోన్‌లోనా? ఇదే ప్రశ్న. టీ కాచే ప్రతివాళ్ళూ పొద్దున్నే చేసే పని. నేను మాత్రం దానికి ఆరేళ్ళు తీసుకున్నాను.

ఊరికే తీసుకోలేదు. మధ్యలో పేపర్లు దిద్దడం, ఎలక్షన్ డ్యూటీ, పెద్దదానికి టైఫాయిడ్, చిన్నదానికి టెన్త్. ఏడాది చివర రివ్యూ కమిటీ ముందు నిలబడి, వచ్చే ఏడాది తప్పకుండా అని చెప్పి రావడం నాకు అలవాటైపోయింది. చివరికి యూనివర్సిటీ వాళ్ళు ఉత్తరం రాశారు. ఇదే ఆఖరి పొడిగింపు, ఈసారి రివ్యూలో ఫలితాలు చూపించకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఆ ఉత్తరం చదివిన రోజు మా ఆయన, "పోనీలే, ఇన్నాళ్ళూ చదివావుగా" అన్నాడు. ఆ పూట ఆయనకి కూరలో ఉప్పు వేయలేదు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నా పరిశోధనకి మాత్రం పెరటి చెట్టే కావాల్సి వచ్చింది, ఆకంతా ఒకే చెట్టుది అయి ఉండాలి కాబట్టి. మోపిదేవి పక్క ఊళ్ళో మా తమ్ముడింటి వెనక మంచి మునగ చెట్టుంది. మా అమ్మ వాడి దగ్గరే ఉంటుంది. ఆవిడ ఏడో తరగతి దాకా చదివింది. చర్చిలో స్త్రీల కూడికకి పెద్ద. వారంలో మూడు రోజులు ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థనకి వెళ్తుంది, మిగతా నాలుగు రోజులూ ఆ ప్రార్థనలు ఫలించాయో లేదో కనుక్కోవడానికి వెళ్తుంది. ఆకు కోయడం, ఎండబెట్టడం, పొడి చేయడం తనే చూసుకుంటానంది. నేను తెల్లకాగితం మీద పది సూచనలు వరసగా రాసి, ఫ్రిజ్ తలుపుకి అంటించి వచ్చాను. లేత ఆకు వద్దు, ముదురాకు వద్దు, మూడుసార్లు కడగాలి, ఎండలో కాదు నీడలో ఆరబెట్టాలి, ఇలాగ.

"మునగాకు ఆరబెట్టడం నాకు నువ్వు నేర్పుతున్నావా?" అంది అమ్మ.

"ఇది కూరకి కాదమ్మా, చదువుకి."

"అయితే ఇంకా శుభ్రంగా చేస్తాలే."

మొదటి విడత పొడి బరకగా వచ్చింది. ఫోన్ చేసి, జల్లెడలో దిగడం లేదు, మెత్తగా కావాలి అని విసుక్కున్నాను. రెండో విడత చూస్తే గంధంలా ఉంది. తెరిచి చూసినప్పుడు రంగు కొంచెం లేతగా అనిపించింది గానీ, నీడలో ఆరింది కదా, అంతే అయి ఉంటుందనుకున్నాను. ఇంకొకరి తప్పులు పట్టేటప్పుడు ఉండే చురుకు మన పని చూసుకునేటప్పుడు ఉండదు.

మా లాబ్‌లో అటెండరు ఒక అక్క ఉంది. సముద్రం ఒడ్డు ఊరు. వాళ్ళాయన వేటకి వెళ్తాడు, ఆవిడ మా కాలేజీకి వస్తుంది. నా కంటే ముందు నుంచీ ఆ లాబ్‌లో ఉంది కాబట్టి ద్రావణులన్నీ ఆవిడకి చుట్టాలు. ఆల్కహాల్ సీసా బీరువాలో తాళం వేసి ఉంటుంది, తాళం ప్రిన్సిపాల్ గారి దగ్గర ఉంటుంది, తీసినప్పుడల్లా రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. "పెళ్ళికొడుకుని కూడా ఇంత జాగ్రత్తగా చూడరండీ" అనేది అక్క. ఇథైల్ అసిటేట్ తీస్తే వాసనకి కిటికీలు తెరిచేది. అసిటోన్ తీస్తే మాత్రం ముందు తన చేతికున్న చిలకలపూడి గాజులు తీసి మేకుకి తగిలించేది. "రోల్డుగోల్డు పైన పాలిష్ ఉంటదండీ. ఇది తగిలితే రంగు పోద్ది. కనపడిందల్లా ఎత్తుకుపోయే రకమండీ ఇది" అనేది. ఆ మాట నేను అప్పుడే చెవిన పెట్టి ఉండాల్సింది.

అయిదు ఫ్లాస్కులు పెట్టాను. నీళ్ళు, ఆల్కహాల్, డెబ్బై పాళ్ళు ఆల్కహాల్‌లో ముప్పై పాళ్ళు నీళ్ళు, అసిటోన్, ఇథైల్ అసిటేట్. అన్నిట్లోనూ ఒకే తూకం పొడి వేసి, ఒక రోజంతా నానబెట్టి, వడకట్టి, అందులో అల్యూమినియం క్లోరైడ్ కలిపాను. అది ఫ్లేవనాయిడ్‌ని పట్టుకుంటే పసుపు రంగు చిక్కబడుతుంది. ఆ పసుపు ఎంత చిక్కగా ఉందో యంత్రం కొలిచి చెబుతుంది. నిజానికి గెలవాల్సింది నీళ్ళు కలిపిన ఆల్కహాల్. మునగాకులో ఫ్లేవనాయిడ్లకి చక్కెర తోక ఒకటి తగులుకుని ఉంటుంది. ఆ తోకకి నీళ్ళు కావాలి, మిగతా ఒంటికి ఆల్కహాల్ కావాలి. కొత్త కోడలికి అత్తిల్లూ పుట్టిల్లూ రెండూ కావాల్సినట్టే.

కానీ గెలిచింది అసిటోన్. అదీ కాస్త తేడాతో కాదు.

ఎవరూ అనుకోనిది జరిగిందంటే మామూలుగా ఎక్కడో తప్పు జరిగిందని అర్థం. నాకు మాత్రం నేను ఏదో కనిపెట్టానని అర్థమైంది. గుడివాడలో ఉండే మా గైడు గారికి ఫోన్ చేశాను. "ఇంకోసారి చేసి చూడమ్మా" అన్నారు. ఇంకోసారి కాదు, ఇంకో రెండుసార్లు చేశాను. అదే డబ్బాలో అదే పొడితో. ఒకే పొడితో ఎన్నిసార్లు చేసినా అదే తప్పు మళ్ళీ మళ్ళీ వస్తుందన్న ఆలోచన నాకు రాలేదు. స్టాఫ్ రూంలో అందరికీ చెప్పాను. బందరు లడ్డు పంచాను. ఒక మేడం గారు లడ్డు తింటూ, "అసిటోన్ అంటే గోళ్ళ రంగు తీసేదేనా?" అని అడిగితే, "అదేనండీ, కానీ అందులో చాలా ఉంది" అని గంభీరంగా జవాబు చెప్పాను.

మోపిదేవి దగ్గర స్త్రీల కూడికలో అప్పటికే వారం రోజులుగా మా అమ్మాయి సాల్వెంట్ కోసం అని ప్రార్థనలు జరుగుతున్నాయి. అసిటోన్ గెలిచిందని తెలిశాక కృతజ్ఞతా ప్రార్థన కూడా చేశారట. పాపం, వాళ్ళు మనస్ఫూర్తిగానే చేశారు.

రివ్యూ ఇంకా ఎనిమిది రోజులుందనగా, మంగళవారం మధ్యాహ్నం, అక్క సింకు దగ్గర ఫ్లాస్కులు కడుగుతోంది. నేను బల్ల దగ్గర కూర్చుని నా పట్టికకి రంగులు వేసుకుంటున్నాను. అసిటోన్ గీతకి బంగారు రంగు.

"మేడం గారూ, ఇందులో పసుపేసారా?" అంది అక్క.

"పసుపెందుకు వేస్తానక్కా?"

"మరి పారాణి వచ్చిందేంటండీ?"

లేచి వెళ్ళాను. ఫ్లాస్కు మెడ దగ్గర ఎండిన పసుపు చార ఒకటుంది. అక్క బట్టల సోడా వేసి రుద్దితే ఆ చార ఎర్రబడింది. నురగ కూడా ఎర్రగా ఉంది. ఫ్లేవనాయిడ్ సోడా తగిలితే ముదురు పసుపు అవుతుంది గానీ ఎరుపెక్కదు.

"పారాణి అంటే ఇలాగే చేస్తారా?" అని అడిగాను.

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "పెళ్ళికూతురి కాళ్ళకి పెట్టేదేనండీ. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా వస్తది. మీకు పెట్టలేదా ఏంటి పెళ్ళికి?"

నాకు పెట్టలేదు. నా పెళ్ళి చర్చిలో అయింది. తెల్లచీర కట్టుకున్నాను, కాళ్ళకి చెప్పులున్నాయి. స్నేహితురాళ్ళ పెళ్ళిళ్ళలో ఎర్రటి పాదాలు చూశాను, బాగున్నాయనుకున్నాను, అవి ఎలా ఎర్రబడతాయో ఎప్పుడూ అడగలేదు. అయినా అది నాకు సాకు కాదు. పసుపు పూసిన కాగితం మీద సబ్బు నీళ్ళు వేస్తే ఎర్రబడుతుందని ఏటా ఫస్టియర్ పిల్లలకి చేసి చూపించేది నేనే.

మిగతా ఫ్లాస్కుల్లో కూడా ఒక్కో చుక్క సోడా వేసి చూశాం. నీళ్ళ ఫ్లాస్కులో ఏమీ లేదు. నీళ్ళు కలిపిన ఆల్కహాల్‌లో కాస్త ఎరుపు. ఆల్కహాల్‌లో ఇంకాస్త. అసిటోన్‌లో అసలు సిసలు పారాణి. పసుపు నీళ్ళలో కరగదు, అసిటోన్‌లో హాయిగా కరుగుతుంది. మా యంత్రానికి మునగాకు పసుపేదో, వంటింటి పసుపేదో తేడా తెలియదు. నేను ఆరేళ్ళు చదివి కనిపెట్టింది మునగాకు సంగతి కాదు. పసుపు సంగతి.

అక్కడే నిలబడి అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, ఆ పొడి ఎలా చేశావు?"

"మర పట్టించానమ్మా. మెత్తగా వచ్చిందా?"

"మర పట్టించావా? రాసి ఇచ్చాను కదా రోట్లో దంచమని. ఆ మరలో పసుపు ఆడిస్తారు, కారం ఆడిస్తారు. ఆరేళ్ళ నా కష్టాన్ని తీసుకెళ్ళి పిండి మరలో పోశావు. నీకు చదువంటే ఏంటో తెలిస్తే కదా."

అమ్మ "సరేనమ్మా" అని ఫోన్ పెట్టేసింది.

మా అమ్మ ఎప్పుడూ సరేనమ్మా అనదు. నేను ఒకటంటే ఆవిడ దగ్గర ఇంకొకటి తయారుగా ఉంటుంది. ఏడో తరగతితో ఆగిపోయిన మనిషిని, ఒక్కొక్క ఆకూ దూసి ఆరబెట్టి పంపిన మనిషిని, చదువు పేరు పెట్టి కొట్టాను. ఫోన్ పెట్టిన మరుక్షణమే ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ మళ్ళీ ఫోన్ చేయలేదు. నా నాలుకకి తిట్టడం ఎంత తేలికో క్షమించమని అడగడం అంత కష్టం.

మర్నాడు పొద్దున్నే పాసింజరెక్కి గుడివాడ వెళ్ళాను. మా గైడు గారు రిటైరయ్యారు, వరండాలో వాలుకుర్చీలో కూర్చుని కిళ్ళీ వేసుకుంటున్నారు. జరిగిందంతా చెప్పాను. ఆయన నవ్వకపోవడం చూసి ధైర్యం తెచ్చుకుని, దారంతా మనసులో నలుగుతున్న మాట కూడా బయటపెట్టాను.

"సార్, కమిటీకి పసుపు సంగతి తెలియాల్సిన అవసరం లేదేమో కదండీ. పట్టికలయితే ఉన్నాయి. రివ్యూ గడిచాక నెమ్మదిగా మళ్ళీ చేసుకుంటాను."

ఆయన నేను తీసుకెళ్ళిన చిన్న సీసా, అసిటోన్‌ది, అందుకున్నారు. అందులో ఒక చుక్క అరచేతిలో వేసుకుని, కిళ్ళీ పెట్టెలోంచి గోటితో రవ్వంత సున్నం తీసి దానికి అద్దారు. అరచెయ్యి ఎర్రబడింది.

"కమిటీలో ఒకాయన నాకు పాత స్నేహితుడమ్మా. ఆయనా కిళ్ళీ వేస్తాడు. జేబులో సున్నం డబ్బా ఎప్పుడూ ఉంటుంది" అన్నారు.

ఆయన మందలింపు ఎప్పుడూ అంతే ఉంటుంది. సీసా తిరిగి ఇస్తూ, "ఎన్ని రోజులుంది?" అని అడిగారు.

"ఏడండీ."

"ఆకు ఆరడానికి నాలుగు. నానడానికి ఒకటి. కొలవడానికి ఒకటి. ఒకరోజు మిగులుతుంది నీకు. దారిలో టిఫిన్ చేసి వెళ్ళు."

ఆ మిగిలిన రోజు ఈ రోజే అని నాకు బస్సెక్కాక గాని తట్టలేదు. గుడివాడ నుంచి బందరు, బందరు నుంచి చల్లపల్లి మీదుగా మోపిదేవి. రెండు బస్సులు మారాను. దారంతా కోపాన్ని ఎవరి మీద పెట్టాలా అని వెతుక్కున్నాను. అమ్మ మీద పెట్టలేను, ఆ పని ఒకసారి చేసేశాను. నా మీద పెట్టుకోవడం అలవాటు లేదు. చివరికి మరాయన దొరికాడు. బస్సు దిగి ఇంటికి వెళ్ళకుండా తిన్నగా మర దగ్గరికి వెళ్ళాను.

మరాయన ఒళ్ళంతా పిండితో తెల్లగా ఉన్నాడు. చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషే, మావయ్యా అని పిలుస్తాను.

"మావయ్యా, మా అమ్మ మునగాకు తెస్తే ఏం చేశావు?"

"పట్టిచ్చానమ్మా. బాగా వచ్చిందా?" అన్నాడు సంబరంగా.

"అంతకుముందు మరలో ఏం ఆడించావు?"

"పసుపు. అదేనమ్మా నీకు చెప్పాల్సింది." మర ఆపేశాడు, చెప్పాల్సింది చాలా ఉందన్నట్టు. "మాకో వరసుంటది. పొద్దున్నే బియ్యప్పిండి. ఆ తర్వాత మినుములు, శనగపిండి. ఆ తర్వాత పసుపు. ఆఖర్న కారం. కారం పడ్డాక ఇంక ఆరోజుకి మర దేనికీ పనికిరాదు. మీ అమ్మగారొచ్చేసరికి పసుపయిపోయి, కారానికి నలుగురు నిలబడున్నారు. మా అమ్మాయి మందుకయ్యా, కల్తీ లేకుండా చెయ్యమన్నారు. ఆ రోజు కూడిక కూడా మానుకుని వచ్చారావిడ. అందుకే కారం వాళ్ళందర్నీ ఆపాను. గుప్పెడు తవుడేసి మర కడిగాను. అప్పుడు మీ ఆకేశాను. కారం వెనకాల వెయ్యమంటావా చెప్పు? పసుపు వెనకాలంటే మంచిదే కదా, మందుకి."

ఆ మనిషి తన మరకి తెలిసిన మర్యాదంతా నా ఆకుకి చేశాడు. నలుగురు ఖాతాదార్లని ఆపాడు. తవుడుతో కడిగాడు. ఊరందరి లెక్కలో పసుపు మంచిది, కారం చెడ్డది. ఒక్క నా యంత్రం లెక్కలోనే తారుమారు. పొద్దుటి నుంచీ మోసుకొచ్చిన కోపం ఎక్కడ జారిపోయిందో తెలియదు, నవ్వొచ్చేసింది. నేనెందుకు నవ్వుతున్నానో తెలియకపోయినా ఆయన కూడా నవ్వాడు.

ఇంటికి వెళ్తే మునగ చెట్టు బోడిగా నిలబడి ఉంది. హాల్లో కుర్చీలన్నీ గోడకి జరిపేసి, ఉతికిన తెల్లదుప్పట్లు రెండు పరిచి, వాటి నిండా పల్చగా ఆకు ఆరబోసి ఉంది. ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతోంది. తమ్ముడూ మరదలూ గోడ వారగా నడుస్తున్నారు. నేను ఫోన్‌లో అరిచిన సాయంత్రమే అమ్మ మనిషిని పెట్టి కొమ్మలు కొట్టించిందట. రాత్రికల్లా ఆకు దూసి, కడిగి, ఆరబోసేసింది. అంటే నాకు ఒక రోజు కలిసొచ్చింది. నేను బస్సుల్లో తిరుగుతూ పోగొట్టుకున్న రోజుని అమ్మ ముందే సంపాదించి పెట్టింది.

వంటింట్లో కొత్త రోలు ఒకటుంది. "పక్కింటామె షష్ఠి తిరనాళ్ళలో కొనుక్కుంది. ఇంకా వాడలేదంట. అడిగి తెచ్చాను. మన రోట్లో పచ్చళ్ళు నూరతాం కదా" అంది అమ్మ. నా మొహం చూడలేదు.

క్షమించమనే మాట నోటిదాకా వచ్చింది. "అమ్మా" అన్నాను.

"కాళ్ళు కడుక్కుని రా. ఆకు తిరగెయ్యాలి."

కాళ్ళు కడుక్కుని వచ్చి ఆకు తిరగేశాను. ఇద్దరం చెరో దుప్పటి పక్కన కూర్చుని చాలాసేపు ఆ పనే చేశాం. ఒకసారి ఆవిడే అంది, "పసుపు నీళ్ళలో కలవదే. అడుక్కి పోద్ది. నూనెలో పడితేనే రంగు దిగుద్ది." నేను ఊఁ అన్నాను. ఏ ద్రావణిలో ఏది దిగుతుందో పోపు పెట్టే మనిషికి ముందే తెలుసు.

ఆకు ఆరాక, తను రోట్లో దంచిన పొడి అమ్మే బస్సులో తెచ్చి లాబ్ మెట్ల దగ్గర ఇచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా అదే బస్సులో వెళ్ళిపోయింది. అక్క గాజులు తీసి మేకుకి తగిలించింది. ప్రిన్సిపాల్ గారు తాళం ఇచ్చారు. అయిదు ఫ్లాస్కులూ మళ్ళీ పెట్టాం. ఈసారి అన్నిటికంటే ముందు వాటిలో సోడా చుక్క వేసి చూసింది అక్కే. "పారాణి లేదండీ" అని చెప్పి, నేను అడగకుండానే కిటికీలన్నీ తెరిచింది. గెలవాల్సిందే గెలిచింది. నీళ్ళు కలిపిన ఆల్కహాల్. అసిటోన్ నాలుగో స్థానానికి పోయింది.

రివ్యూలో రెండు పట్టికలూ చూపించాను. తప్పుది, సరైనది. తప్పు పట్టిక వెనక మూడు నెలల పనుంది, సరైనదాని వెనక మూడు రోజుల పనే ఉంది. ఇదేనా ఆరేళ్ళ చదువు అని అడుగుతారనే అనుకున్నాను. నేను ఆ పాత సీసా కూడా తీసుకెళ్ళాను. కిళ్ళీ వేసే ఆయన నేను చెప్పడం పూర్తవకముందే జేబులోంచి సున్నం డబ్బా తీశారు. చుక్క ఎర్రబడగానే పక్కాయనకి చూపించారు. ఆయన మూడో ఆవిడకి చూపించారు. ముగ్గురూ ఆ చుక్క చుట్టూ చేరి, నన్ను మరిచిపోయి, వాళ్ళ వాళ్ళ ఊళ్ళలో మరలు ఏ వరసలో ఆడిస్తారో చెప్పుకోవడం మొదలుపెట్టారు.

"దీన్ని ఎవరు పట్టుకున్నారమ్మా?" అని అడిగారు చివరికి.

"మా లాబ్ అటెండర్ గారండీ."

"రెండో పొడి ఎవరు చేశారు?"

"మా అమ్మండి."

రిజిస్ట్రేషన్ కొనసాగించమని రాశారు. మర సంగతి కూడా థీసిస్‌లో ఒక అధ్యాయంగా పెట్టమన్నారు, మరొకరు ఇదే గోతిలో పడకుండా.

బయటికి వచ్చి ఫోన్ చేస్తే మొదటి రింగుకే ఎత్తింది అమ్మ.

"ఉందమ్మా" అన్నాను.

"ఏది?"

"నా చదువు."

స్తోత్రం అని గొణుక్కోవడం వినబడింది. తర్వాత అడిగింది, "ఆ పసుపు కలిసిన పొడి పారేశావా?"

"లేదు, డబ్బాలో ఉంది."

"తెచ్చెయ్. కారప్పొడి కొడతాను. పసుపెలాగూ మరాయనే వేశాడుగా."

ఆదివారం చర్చి అయ్యాక పిల్లల్ని తీసుకుని వెళ్ళాను. ఎండుమిర్చి, ధనియాలు, చింతపండు, వెల్లుల్లి వేసి మా అమ్మ నా మూడు నెలల పరిశోధనని కారప్పొడి చేసింది. ఒక సీసాడు మరాయనకి, ఒక సీసాడు మా లాబ్ అక్కకి పక్కన పెట్టింది. అన్నంలో కలుపుకుని నూనె వేసుకుంటే నూనె పసుపుపచ్చగా తిరిగింది. చాలా బాగుంది. పిల్లలు రెండోసారి పెట్టించుకున్నారు.

మంచినీళ్ళ కోసం లేచి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళాను. నా కాగితం ఇంకా తలుపు మీదే ఉంది. పది సూచనలు, నా దస్తూరి. ఎనిమిదోది చదివి అక్కడే నిలబడిపోయాను. మెత్తగా పొడి చేసి జల్లించాలి. అంతే ఉంది. రోటి మాట లేదు. మర మాట లేదు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాను. ఎక్కడా లేదు. ఎనిమిదో సూచన కింద ఉన్న కాస్త జాగాలో మాత్రం ఆ ఫోన్ తర్వాత అమ్మ పెన్సిల్‌తో రాసుకున్న గుండ్రటి అక్షరాలు, ఒక్కొక్కటీ విడివిడిగా ఉన్నాయి. రోట్లో. మరలో వద్దు.

"అమ్మా, రోట్లో అని నేను రాయనే లేదు."

"ఆఁ. లేదు" అంది అమ్మ, పిల్లలకి నెయ్యి వేస్తూ.

"ఆ రోజు ఫోన్‌లో చెప్పొచ్చు కదా?"

"నువ్వు చెప్పనిస్తేగా."

ఆ ఆరేళ్ళలో ఎవరూ అడగనంత సూటిగా ఎవరో నన్ను ప్రశ్న అడిగినట్టయింది. వెళ్ళి ఆవిడ పక్కన కింద కూర్చుని, క్షమించమ్మా అన్నాను, పిల్లల ముందే. వాళ్ళు తినడం ఆపి మమ్మల్ని చూశారు. అమ్మ నా కంచం తన వైపుకి లాక్కుని, ఇంకో గరిటెడు అన్నం వేసి, కారప్పొడి వేసి, కలిపింది.